ఎవరన్నారు టీచర్?

ఎదురింటి టైలరమ్మ పాలాయనతో అన్నదట. పాలాయన మూలింటి ముసలమ్మతో అన్నాడట. ఆ ముసలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు గనక పొద్దెక్కేసరికి వీధంతా తెలిసిపోయింది: అద్దాలాయన తన ఇద్దరాడపిల్లల్నీ బడికి పంపకపోవడానికి కారణం భక్తీ కాదు, పాడూ కాదు, పిల్లలకేదో అంటురోగం ఉందట.

"రోగమైతే డాక్టరు రావాలి గానీ, రోజూ టీచరెందుకొస్తుందమ్మా?" అని పాలాయన అడిగితే టైలరమ్మ దారం పళ్ళతో కొరికి, "ఆవిడ చెప్పేది చదువనుకున్నావా? తర్కమట. అంటే వాదించడం. పిల్లలకి ఎదురు మాట్లాడ్డం నేర్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఇల్లు నేనింతవరకూ చూళ్ళేదు. మా ఇంట్లో ముగ్గురున్నారు, ఊరికే నేర్చుకున్నారు" అన్నదట.

రోగం మాట వట్టి అబద్ధం. వాదన మాట సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే ముందు సభ సంగతి చెప్పాలి.

సభ అంటే అద్దాలాయన కుటుంబం నమ్ముకున్న భక్తుల కూటమి. వాళ్ళకి దేవుడొక్కడే, దారొక్కటే, పుస్తకాలు వేసే అచ్చాఫీసు కూడా ఒక్కటే. సభలో చేరినవాడు భక్తుడు, చేరనివాడు లోకుడు. మధ్యలో ఇంకో రకం మనిషి లేడు. లోకులు పలుగాకులన్న సామెత సభవాళ్ళు పుట్టించింది కాదు గానీ, దాన్ని వాళ్ళంత గట్టిగా నమ్మినవాళ్ళు మరొకరు లేరు. కాకుల మధ్య కోకిల పిల్లల్ని వదలకూడదని వాళ్ళు పిల్లల్ని బడికి పంపరు. కోకిల పిల్ల పెరిగేదే కాకి గూట్లోనన్న సంగతి వాళ్ళకెవరూ గుర్తు చేసినట్టు లేదు. చదువంతా ఇంట్లోనే. చరిత్ర పుస్తకం సభదే, సైన్సు పుస్తకం సభదే. లెక్కల పుస్తకంలో కూడా తూకంలో మోసం చేసేవాడు లోకుడు, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చేవాడు భక్తుడు.

ఇంట్లో చదువుకున్న పిల్ల బయటి పరీక్ష ఏదైనా రాయాలంటే సభ పెద్దయ్య సమ్మతి కావాలి. ఆయన ఇంటికొస్తాడు. పిల్లల్ని నలుగురి ముందూ నిలబెట్టి ప్రశ్నలడుగుతాడు. దాన్ని 'ఒప్పజెప్పడం' అంటారు. జవాబులు నచ్చితే నెత్తిన చెయ్యి పెట్టి వెళ్ళిరమ్మంటాడు. నచ్చకపోతే చెయ్యి పెట్టడు. అంతే. ఆ చెయ్యి లేకుండా గడప దాటిన పిల్ల సభలో ఇంతవరకూ లేదు.

అద్దాలాయన పెద్దకూతురికి ఆ చెయ్యి కావాలి. నర్సుల కాలేజీ ప్రవేశపరీక్ష రాయాలి. కాలేజీ పక్క పట్నంలో ఉంది, హాస్టలుంది. సభవాళ్ళ ఆసుపత్రికి నర్సులు కావాలి గనక పెద్దయ్య కాదనడని తండ్రికి నమ్మకం. పెద్దదానికి ఆసుపత్రి సంగతి పట్టలేదు. అది రోజూ కిటికీలోంచి బస్సుల మీద రాసిన ఊళ్ళపేర్లు చదువుకునే పిల్ల. హాస్టలన్న మాట విన్నరోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

ప్రవేశపరీక్షలో తర్కానికి ఒక పేపరుంది. తర్కానికి సభ పుస్తకమూ ఉంది, పేరు 'సన్మార్గ తర్కం'. దాన్ని చెప్పేవాళ్ళే సభలో లేరు. అప్పుడు పిల్లల తల్లికి తన కాలేజీ లెక్చరరు గుర్తొచ్చింది.

ఆ టీచరు బతుకంతా తర్కశాస్త్రం చెప్పింది. ఆవిడతోపాటే ఆ సబ్జెక్టు కూడా రిటైరైంది. చేరేవాళ్ళు లేక ఆవిడ క్లాసు గదిలో ఇప్పుడు జిరాక్సు మిషను పెట్టారు. పాత శిష్యురాలు వచ్చి గుమ్మంలో నిలబడి, "టీచర్, మా పిల్లలకి తర్కం చెప్పాలి" అంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తర్కం కావాలని ఒక మనిషి తన గుమ్మం తొక్కడం ఆవిడ ఎరగదు. జీతమెంతని అడగడం కూడా మరిచిపోయింది.

"ఒక్క మాట టీచర్. మీరు లోకులు. మా ఆయన ఒప్పుకోవడమే గగనమైంది. పుస్తకం దాటొద్దన్నాడు" అన్నది తల్లి.

"తర్కానికి పుస్తకమేమిటే? నిజం నిజమే కదా ఎక్కడ చదివినా" అన్నది టీచరు.

తల్లి నవ్వలేదు.

పాఠం మేడమీద ముందు గదిలో. కింద అద్దాలాయన కొట్టు. అమ్ముడుపోని అద్దాలు పైగదిలో గోడ పొడుగునా ఆనించి ఉన్నాయి. పిల్లలు చదువుకునేటప్పుడు మొహాలు చూసుకుంటారని వాటి మొహాలు గోడకేసి తిప్పి పెట్టారు. తప్పు చేసిన పిల్లల్ని వరసగా నిలబెట్టినట్టు ఉండేవవి. మధ్యలో ఒక చెక్కబల్ల. దాని ఒక కాలు పొట్టి, కింద మడతపెట్టిన అట్టముక్క.

పెద్దదానికి పదిహేడు. సన్నగా, నీట్‌గా, మాట అడిగితేనే చెప్పే పిల్ల. చిన్నదానికి తొమ్మిది. దాని నోటికి మూత లేదు.

"చదువమ్మా" అంటే పెద్దది మొదటి పాఠం చదివింది. "లోకుడు ఇట్లనెను: మా వీధిలో ఎక్కువమంది సభకు పోరు. కావున సభ మార్గము సరియైనది కాదు. ఈ వాదనలోని దోషమేమి?"

"మంది తప్పు!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

"అంటే ఏమిటి?"

"ఎక్కువమంది అన్నారని అబద్ధం నిజమైపోదు. వందమంది కలిసి కాకి తెల్లనంటే తెల్లనైపోదు" అన్నది చిన్నది.

టీచరుకి కడుపు నిండిపోయింది. ఇదేదో మంచి పుస్తకమేనే అనుకుంటూ పేజీ తిప్పింది.

పెద్దది చదివింది. "భక్తుడు ఇట్లనెను: ఏటేట ఎక్కువమంది సభలో చేరుచున్నారు. కావున సభ మార్గము సరియైనది. ఈ వాదనలోని బలమేమి?"

"సాక్షి బలం!" అన్నారు ఇద్దరూ, అదే గొంతుతో.

టీచరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ రెండు పేజీలూ తానే చదువుకుంది. తర్వాత పుస్తకమంతా తిరగేసింది. లోకుడు నోరు విప్పిన ప్రతి చోటా దోషం. భక్తుడు నోరు విప్పిన ప్రతి చోటా బలం. ఒక్క పేజీలో కూడా భక్తుడు పొరబడలేదు, ఒక్క పేజీలో కూడా లోకుడు పొరపాటున కూడా సరైన మాట అనలేదు.

ఆవిడ పుస్తకం మూసేసింది. "సరే, ఇది వినండి. వాన పడితే వీధి తడుస్తుంది. వీధి తడిసింది. కాబట్టి వాన పడింది. తప్పా, ఒప్పా?"

పెద్దది పెన్సిలు ఎత్తి పట్టుకుని, "ఎవరన్నారు టీచర్?" అని అడిగింది.

"ఎవరంటే ఏమిటి? నేనే అన్నాను."

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "తప్పు" అన్నారు, కొంచెం మొహమాటంగా.

"తప్పే. ఎందుకు తప్పు?"

"మీరు లోకులు కదా" అన్నది చిన్నది.

టీచరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంకోటి చెప్తాను. భక్తుడు ఇలా అన్నాడు. కుక్కలన్నిటికీ నాలుగు కాళ్ళుంటాయి. ఈ బల్లకీ నాలుగు కాళ్ళున్నాయి. కాబట్టి ఈ బల్ల కుక్క."

"ఒప్పు" అన్నది పెద్దది, తడుముకోకుండా.

చిన్నది బల్లకింద దూరింది, తోక ఉందేమోనని. పైకి లేచి, "టీచర్, భక్తుడు సరిగ్గా చూళ్ళేదేమో" అన్నది మెల్లిగా.

పెద్దదాని మొహం ఎర్రబడింది. అది తెలివితక్కువ పిల్ల కాదు. తానెక్కడ దెబ్బతిన్నదీ దానికి ఒక్క క్షణంలో తెలిసింది. "టీచర్, నర్సుల పరీక్షలో ఎవరన్నారో రాయరా?"

"రాయరమ్మా. 'అ' అనేవాడు అన్నాడు, 'ఆ' అనేవాడు అన్నాడు, అంతే."

పెద్దది పెన్సిలు బల్లమీద పెట్టేసి కిటికీలోంచి బయటికి చూసింది. బస్సొకటి పోతోంది. "మరైతే నాకేం రాదు" అన్నది.

ఆరోజు టీచరు వంటగదిలోకి పోయి శిష్యురాలిని నిలదీసింది. "ఏమే, నా క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నదానివి. పిల్లలు మాట చూడకుండా మనిషిని చూసి మార్కులేస్తున్నారు. నీ కళ్ళకి కనపళ్ళేదా ఇన్నాళ్ళూ?"

తల్లి కూర కలుపుతూనే ఉంది. "కనపడబట్టే మిమ్మల్ని పిలిచాను టీచర్." గరిటె గిన్నె అంచుకి తట్టి, గొంతు తగ్గించింది. "కింద అద్దాల అంచులు అరగదీసే మిషనుంది చూశారూ? అది తిరుగుతుంటే ఆయనకి పిడుగు పడ్డా వినపడదు. మిషను తిరిగినంతసేపూ మీ పాఠం చెప్పుకోండి. ఆగగానే పుస్తకం చదివించండి. నేనూ ఈ ఇంట్లో అలాగే మాట్లాడతాను."

అలా మొదలైంది. కింద మిషను గీమని లేవగానే పైన టీచరు కుర్చీ ముందుకు జరిగేది. మిషను ఆగిందా, ఇద్దరు పిల్లలూ గొంతు కలిపి "లోకుడు ఇట్లనెను" అని మొదలుపెట్టేవాళ్ళు. పుస్తకంలోని ప్రశ్నలనే టీచరు వాడుకుంది. చిన్నదాని పని బొటనవేలు పెట్టి పేరు మూయడం. వేలికింద ఎవరున్నారో చూడకుండా పెద్దది తప్పో ఒప్పో తేల్చాలి, కారణం చెప్పాలి. మొదట్లో చీకట్లో నడిచినట్టు నడిచింది. తర్వాత పట్టు దొరికింది. భక్తుడి మాటల్లో బొక్కలు, లోకుడి మాటల్లో అక్కడక్కడా నిజం, ఒకటొకటే పైకి తేలాయి. వేలు తీసి చూసినప్పుడల్లా చిన్నది చప్పట్లు కొట్టేది, తిరనాళ్ళలో బొమ్మ గెలిచినట్టు.

చిన్నది ఆ ఆటని గదిలోనే వదిలిపెట్టి వచ్చే రకం కాదు. భోజనాల దగ్గర తండ్రి, "మా నాన్న ఇలాగే చేశాడు, వాళ్ళ నాన్న ఇలాగే చేశాడు, కాబట్టి ఇదే పద్ధతి" అంటే, అది పళ్ళెంలోకి చూస్తూ, "పాత తప్పు" అని గొణిగింది. తల్లి బల్లకింద కాలితో తన్నింది. పెద్దది అలా కాదు. నేర్చుకున్నది పళ్ళ వెనకే దాచుకునేది. సభకి పోయినప్పుడు అందరికంటే ముందు తలూపేది.

"నీకొచ్చినంత తర్కం మీ అమ్మకి కూడా రాలేదే" అన్నది టీచరు ఒకరోజు, మురిసిపోయి.

"అమ్మకి వచ్చి ఏం చేసింది టీచర్?"

టీచరు పకపకా నవ్వింది. పిల్ల వేళాకోళమాడిందనుకుంది. ఆవిడకి ఆ రోజుల్లో ఏది చూసినా పంట బాగా పండినట్టే కనపడేది. ఈ పిల్ల కాలేజీకి పోతుంది, ఎక్కడో ఎవరో అడ్డమైన మాటంటే లేచి నిలబడి ఇది తప్పంటుంది అని ఊహించుకునేది. రైతుకి చేను ఎంత పచ్చగా కనిపిస్తే అంత భయముండాలి. ఆవిడ రైతు కాదు.

ఒక మధ్యాహ్నం మిషను మంచి జోరుమీదుంది. చిన్నది వేలుపెట్టి మూసిన వాక్యం దగ్గర అక్కాచెల్లెళ్ళకి పేచీ వచ్చింది. "పేరు చూసి చెప్తానే ఒక్కసారి" అని పెద్దది ఉడికించింది. చిన్నది కుర్చీ ఎక్కి నిలబడి, "చూడకూడదు! భక్తుడన్నా తప్పు తప్పే!" అని అరిచింది.

అరుపు సగంలో ఉండగా కరెంటు పోయింది. మిషను గొంతు పట్టేసినట్టు ఆగింది. మిగతా సగం, "తప్పు తప్పే" అన్నది, మెట్లు దిగి కిందికి పోయింది.

అద్దాలాయన పైకొచ్చాడు. చేతులనిండా గాజుపొడి, తెల్లగా. మనిషి కోపిష్టి కాడు. గట్టిగా మాట్లాడితే అద్దం పగులుతుందన్నట్టు మెల్లిగా మాట్లాడతాడు. వచ్చి బల్లదగ్గర నిలబడ్డాడు. చిన్నదాని బొటనవేలు ఇంకా పుస్తకం మీదే ఉంది.

"వేలు తియ్యి తల్లీ."

తీసింది. కింద 'భక్తుడు' అని ఉంది.

ఆయన పిల్లల్ని లోపలికి పొమ్మన్నాడు. "టీచరుగారూ, పుస్తకం దాటొద్దని మాటనుకున్నాం కదా?"

"దాటలేదండీ. పుస్తకంలో ప్రశ్నలే. పేర్లు మూశానంతే. పరీక్షలో పేర్లుండవు."

"పేరు తీసేస్తే ఇంకేముందందులో?"

"మాట ఉంది! మీ పనే చూడండి. కిటికీకి అద్దం కావాలని ఎవరో వచ్చి ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని చెప్తారు. చెప్పినవాడు మంచివాడని చూసి కోసేస్తారా?"

"కొయ్యను. మా పెద్దయ్యగారు చెప్పినా కొయ్యను. నేను వెళ్ళి టేపు పెట్టుకోవాల్సిందే."

"అదేనండీ నేను నేర్పేది. టేపు పెట్టుకోవడం."

అద్దాలాయన చేతులకున్న గాజుపొడి వంక చూసుకున్నాడు. "అద్దం తప్పు తెగితే ఇంకో అద్దం తెస్తానండీ. పిల్ల తప్పు తెగితే ఎక్కణ్ణించి తేను?"

టీచరు దగ్గర జవాబు లేకపోలేదు. కానీ ఆ మనిషి గొంతులో ఉన్నది మొండితనం కాదు, భయం. భయానికి తర్కంలో పాఠం లేదు.

"ఎటూ ఒప్పజెప్పడం ఉండనే ఉంది. పెద్దయ్యగారిని రేపే రమ్మంటాను. ఇద్దర్నీ అడుగుతారు. పిల్లలు నిలబడితే మీరూ నిలబడ్డట్టే" అని ఆయన కిందికి దిగిపోయాడు.

సాయంత్రం తల్లి వీధి మలుపుదాకా టీచరు వెంట వచ్చింది. "టీచర్, పెద్దదానికి నేను చెప్పనక్కర్లేదు. చిన్నదానికి మాత్రం రేపు పుస్తకంలో ఉన్నదే చెప్పమనండి. నేను చెప్తే ఎందుకని వంద ప్రశ్నలేస్తుంది. మీ మాటైతే వింటుంది."

"తప్పుని ఒప్పనమని నా నోటితో చెప్పమంటావా? జన్మలో చెప్పలేదే."

"ఒక్కరోజు టీచర్. పెద్దది బయటపడేదాకా. నా కాళ్ళకి అడ్డం పడిన గడప, దానికైనా..."

"అడిగింది తెలిసినంతలో చెప్పమను. నిజం చెప్పిన పిల్లని ఎవరేం చేస్తారు?" అని టీచరు చేతిసంచీ భుజానికి తగిలించుకుని నడిచింది. ఆ మాట అన్నందుకు ఆవిడకి ఇంటికి చేరేదాకా నడక తేలిగ్గానే ఉంది.

మర్నాడు పెద్దయ్య వచ్చాడు. ముసలాయన, మంచి మాటకారి. వస్తూనే చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమ్మా, పళ్ళూడాయా? ఊడినవన్నీ ఎక్కడ దాచావ్?" అని నవ్వించాడు. అది నోరు తెరిచి సందులన్నీ చూపించింది. తండ్రి చేతులు కట్టుకుని గోడ పక్కన, తల్లి వంటగది గుమ్మంలో, టీచరు కిటికీ దగ్గర కుర్చీలో. పెద్దది గది మధ్యలో నిలబడింది, జడ బిగించి వేసుకుని.

మొదట పుస్తకంలోవే అడిగాడు. పిల్లలిద్దరూ గడగడా చెప్పారు. తండ్రి కట్టుకున్న చేతులు విప్పాడు.

అప్పుడు పెద్దయ్య పుస్తకం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా అన్నాడు. "ఇది చెప్పండి మరి. ఇన్నేళ్ళుగా ఇన్ని వేల కుటుంబాలు ఈ పుస్తకాలతోనే పిల్లల్ని పెంచుకున్నాయి. అంతమందీ పొరబడి ఉండరు. కాబట్టి ఈ పుస్తకాల్లో తప్పు లేదు."

పెద్దది చూపు నేలమీద పెట్టింది.

"మంది తప్పు!" అన్నది చిన్నది. దాని మొహం వెలిగిపోతోంది. ఇంత తేలికైన ప్రశ్న అడిగినందుకు పెద్దయ్యకి థాంక్స్ చెప్పేలా ఉంది. "ఎక్కువమంది అన్నారని నిజమైపోదండీ. తప్పో కాదో పుస్తకం తెరిచి చూడాలి, మనుషుల్ని లెక్కపెట్టకూడదు."

"ఆ మాట ఎవరన్నారో తెలుసా తల్లీ?" అన్నాడు పెద్దయ్య, అదే ముద్దు గొంతుతో.

"తెలీదు. తెలియక్కర్లేదు."

"నేనన్నాను. పోయిన సభలో, అందరి ముందూ. మీ నాన్న కూడా తలూపాడు."

చిన్నది తండ్రి వంక చూసింది, టీచరు వంక చూసింది. ఎవరి మొహంలోనూ దానికి చప్పట్లు కనపడలేదు. ఊడిన పళ్ళసందుని నాలికతో తడుముకుంది.

పెద్దయ్య పెద్దదానివైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. చెల్లెలు చెప్పింది రైటేనా?"

ఇదే టీచరు ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న. టీచరు కుర్చీలో ముందుకు వంగింది. ఆ పిల్లకి జవాబు తెలుసు, ఆ గదిలో అందరికంటే బాగా తెలుసు. తల్లి గుమ్మం చెక్కని గట్టిగా పట్టుకుంది.

"కాదండీ" అన్నది పెద్దది. "చెల్లెలు పొరబడింది. అన్నేళ్ళు, అన్ని కుటుంబాలు. అది సాక్షి బలం."

"మరి చిన్నపిల్ల ఇలా పాడవడానికి కారణమేమిటి?"

"టీచరుగారు పేర్లు మూసి చెప్పేవారండీ."

"నీకూ అలాగే చెప్పిందిగా. నువ్వెందుకు పాడవలేదు?"

"నేను మిషను ఆగాక చెప్పింది మాత్రమే గుర్తుపెట్టుకునేదాన్నండీ."

తల్లి కళ్ళు మూసుకుంది. మిషను సంగతేమిటో పెద్దయ్యకి అర్థం కాలేదు. అద్దాలాయనకి అర్థమైంది. ఆయన మెడ తిప్పి భార్యని చూసిన చూపు ఆ ఇంట్లో చాలాకాలం ఉంటుంది.

టీచరు లేచి నిలబడింది. "అయ్యా, మీరడిగినదానికి సరైన జవాబు చెప్పింది ఆ చిన్నపిల్ల ఒక్కతే. ఇదే మాట ఇంకో గుంపువాళ్ళు వాళ్ళ పుస్తకాల గురించి అంటే మీరేమంటారు?"

పెద్దయ్య ఆవిడ వంక జాలిగా చూశాడు. "సరైన జవాబే కావచ్చు టీచరుగారూ. నేను తెలుసుకోవాలనుకున్నది జవాబు సరైనదా కాదా అని కాదు. పిల్ల మనదా కాదా అని."

ఆయన లేచి పెద్దదాని నెత్తిన చెయ్యి పెట్టాడు. "వెళ్ళి రాయమ్మా. నీలాంటిది ఎక్కడున్నా చెడదు." తర్వాత అద్దాలాయనతో, "చిన్నదానికి ఈ తర్కం మాన్పించు. పుస్తకాలు కూడా ఎక్కువ వద్దు. ఇంటిపని నేర్పండి. దీనికి బయటి పరీక్షల ఊసు ఎప్పటికీ ఎత్తకండి. నేను గుర్తుపెట్టుకుంటాను, నా తర్వాత వచ్చేవాళ్ళకీ చెప్పిపోతాను" అన్నాడు. చిన్నదాని బుగ్గ గిల్లి మెట్లు దిగాడు. అద్దాలాయన ఆయన్ని సాగనంపడానికి వెనకే దిగుతూ, మెట్టు మీద ఆగి, "రేపట్నించి రావొద్దు టీచరుగారూ" అన్నాడు.

టీచరు కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది. డబ్బా మూత పడలేదు. తల్లి వచ్చి మూత నొక్కి ఇచ్చింది. జన్మలో చెప్పనన్న మాట ఒక్కటి నిన్న చెప్పి ఉంటే ఈ చిన్నపిల్ల చదువు మిగిలేది. అది ఇద్దరికీ తెలుసు.

పెద్దది అప్పటికే అలమారలోంచి బట్టలు తీసి మంచం మీద మడతపెడుతోంది. పరీక్షకింకా టైముంది, హాస్టలుకి ఇంకా టైముంది. అయినా మడతపెడుతోంది, మూలకి మూల కలిపి.

చిన్నది వెళ్ళి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. అది ఏడవడం లేదు. దానికి ఏడుపుకన్నా ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. తల్లీ, టీచరూ గుమ్మంలో ఉండగానే అడిగింది.

"అక్కా, నేను చెప్పింది నిజంగా తప్పా?"

పెద్దది మడత ఆపలేదు.

"కాదు. నువ్వు చెప్పిందే కరెక్టు. అందుకే నువ్విక్కడే ఉంటావు, నేను పోతాను."